గృహవిక్రయ శాసనము – టీకాతాత్పర్య సహితము

మూలము

ఈ ఇల్లు అమ్మబడును. తూర్పు వాకిలి. నీళ్ల వసతి కలదు. టైటిలు క్లియరు. సరసమైన ధర. బ్రోకర్లు రావద్దు.

అవతారిక

కర్నూలు పాతబస్తీలో హంద్రీ వైపు సందులో, వాకిలి పక్క సున్నపు గోడ మీద ఎర్ర రంగుతో వెలసిన శాసనమిది. కర్త ఇంటి యజమాని. లేఖకుడు సైన్‌బోర్డులు రాసే పెయింటరు. కాలం వేసవి సెలవులకు కాస్త ముందు. ఇల్లు కర్తగారి ముత్తాత కట్టించింది. కింద బేతంచెర్ల నాపరాళ్లు, పైన దంతెలు పరిచి చౌడు తొక్కిన మిద్దె, నడిమింట్లో వెలుతురుకు గవాచి. కర్తకు కడపకు బదిలీ అయింది. ఆయనకు ఇద్దరు పిల్లలు. కూతురు మూడో తరగతి, కొడుకు యూకేజీ.

ఇంత చిన్న గ్రంథానికి వ్యాఖ్యానం ఎందుకని అడగవచ్చు. కడప సీమకు ఆ పని కొత్త కాదు. 1820లో అక్కడికి ఉద్యోగానికొచ్చిన సి.పి. బ్రౌను ఆ ఊళ్లోనే బంగళా కొన్నాడు. పండితులను జీతమిచ్చి కూర్చోబెట్టి, కావ్యాల ప్రతులు సరిచూయించాడు, టీకలు రాయించాడు. ఆయన ప్రాపులోనే జూలూరి అప్పయ్య మనుచరిత్రకు వ్యాఖ్య రాశాడు. ఆ బంగళా ఉండిన ఎర్రముక్కపల్లె చోటులో ఇప్పుడు బ్రౌను పేర గ్రంథాలయం నడుస్తోంది. మాకు జీతమిచ్చే దొర లేడు కాబట్టి ఈ వ్యాఖ్య పొట్టిదే.

టీక

ఈ ఇల్లు = ఎదురుగా కనబడుచున్న ఇల్లు. రిజిస్ట్రేషను అయిన మరుక్షణం నుంచి కర్తకు ఇది ‘ఆ ఇల్లు’. అమ్మబడును = ఎవరిచేత అన్నది చెప్పలేదు. తెలుగుకు కర్మణి ప్రయోగం అతకదని వ్యాకర్తలు మొత్తుకుంటారు గాని, గోడల మీద అది దివ్యంగా అతుకుతుంది. ‘నేను అమ్ముతున్నాను’ అని తాతల గోడ మీద రాయించడానికి ఎవరికి నోరొస్తుంది?

పాఠాంతరము: అదే గోడ మీద, మొదటి పంక్తికి దిగువన, ‘అమ్మబడదు’ అని సుద్దముక్కతో రాసిన పాఠం ఒకటి కానవస్తుంది. అక్షరాలు నాలుగు గీతల కాపీ పుస్తకంలో దిద్దినంత గుండ్రంగా ఉండటాన్ని బట్టి, నేల నుంచి వాటి ఎత్తును బట్టి, ఇది మూడో తరగతి కాలపు లిపి అని తేలుతోంది. తండ్రి తడిగుడ్డతో రెండుసార్లు పరిహరించినా మళ్లీ కనబడింది. పరిష్కర్తలు దీన్ని లేఖక ప్రమాదంగా కొట్టేశారు. మాకు మాత్రం ఇది ప్రక్షిప్తమనిపించడం లేదు. కారణం టైటిలు దగ్గర చెబుతాం.

తూర్పు వాకిలి = స్పష్టము.

నీళ్ల వసతి కలదు = బోరు ఉంది, కుళాయి ఉంది. ఇది వాచ్యార్థం మాత్రమే. కర్నూలులో ఈ మాటకు మరో అర్థం ధ్వనిస్తుంది. 2009లో వానలు ముఖం చాటేశాయని జనం కరువు మాటలు మాట్లాడుకుంటుండగానే, అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కూడబలుక్కున్నట్టు ఊరి మీద పడ్డాయి. కింద శ్రీశైలం జలాశయం నిండి ఉంది, నీళ్లు పోయే దారి లేదు. పాతబస్తీ మునిగింది. జనం మిద్దెలెక్కి, మేడలెక్కి రాత్రి గడిపారు. ఎండిపోయే సీమలో నీళ్లే ఇంటికొచ్చి కూర్చుంటే అది వసతి కాక మరేమిటి? ఆ నీళ్లు నిలిచిన గీత పడసాల గోడ మీద చాన్నాళ్లు ఉండింది. అమ్మకానికి ముందు సున్నం కొట్టించారు.

ఇక్కడ ధర్మశాస్త్రం అడ్డు వస్తుంది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలో 55వ సెక్షను ఉంది. కొనేవాడు మామూలు జాగ్రత్తతో చూసినా కనిపెట్టలేని ముఖ్యమైన లోపమేదైనా అమ్మేవాడికి తెలిస్తే, అది తానే చెప్పాలి. పెద్దలెవరూ ఈ సెక్షను జోలికి పోలేదు. కొనడానికొచ్చిన దంపతులు పైకి చూస్తూ నిలబడితే, పెరుగన్నం తింటున్న యూకేజీ పిల్లవాడు తనంతట తానే చెప్పాడు: “వానొస్తే ఈడ గిన్నె పెడతాం మామా. నీళ్లు ఆడిదాకా వచ్చినాయంట, మా జేజి చెప్పింది.” ఆ బేరం పోయింది. ఆ ఇంట్లో చట్టం తెలిసినవాడు వాడొక్కడే అని మా అభిప్రాయం.

టైటిలు క్లియరు = లింకు డాక్యుమెంట్లున్నాయి, ఈసీ మీద అప్పులేవీ లేవు. శాసనమంతటికీ కఠినమైన మాట ఇదే. ఇల్లు ఎవరిది అన్న ప్రశ్నకు మన దేశంలో జవాబు చెప్పింది రాజు కాదు, ఒక టీకాకారుడు. కల్యాణి చాళుక్యుల్లో ఆరో విక్రమాదిత్యుడి కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రాశాడు. తాతల ఆస్తిలో కొడుకుకు తండ్రి పోయాక కాదు, పుట్టగానే హక్కు వస్తుందని అందులో తేల్చాడు. బెంగాలులో దాయభాగం ఒప్పుకోలేదు గాని, మన వైపు కోర్టులు ఆ వ్యాఖ్యనే పట్టుకు నడిచాయి. కొడుకు సరే, కూతురి మాటేమిటి? ఆంధ్రప్రదేశ్ 1986లో చట్టం చేసి, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయ్యేలా, అప్పటికి పెళ్లి కాని ఆడపిల్లలకూ పుట్టుకతో సమాన హక్కు ఇచ్చింది. దేశమంతటికీ అది రావడానికి 2005 దాకా పట్టింది. ఇల్లు అమ్మాలంటే మేనత్తల సంతకాల కోసం తిరగాల్సి రావడం అందుకే.

కాబట్టి సుద్దముక్క పట్టిన లేఖకురాలు బయటి మనిషి కాదు, హక్కుదారు. ఆమె పాఠాన్ని అంత సులువుగా కొట్టేయరాదు.

శంక: అట్లయితే పిల్లలు ఒప్పుకోనిదే ఇల్లు అమ్మరాదా? సమాధానం: అమ్మవచ్చు. కుటుంబ అవసరం ఉంటే ఇంటి పెద్ద మైనర్ల వాటాతో సహా ఉమ్మడి ఆస్తిని అమ్మవచ్చునని న్యాయస్థానాలు ఒప్పుకున్నాయి. అవసరమంటే ఏమిటో తూచే కొలత 1856లో ప్రివీ కౌన్సిలు తీర్పిచ్చిన హనుమాన్ ప్రసాద్ పాండే కేసు నుంచి వస్తోంది. పైగా ఇల్లు తాత స్వార్జితమై 1956 తర్వాత వారసత్వంగా దిగితే, ఈ జన్మహక్కు సామాన్యంగా వర్తించదు కూడా. అయినా కొనేవాళ్ల వకీలు వదలడు, మైనర్ల పేర్లు రాయించి తండ్రిని వాళ్ల తరఫున సంతకం పెట్టమంటాడు. దస్తావేజులో కారణం రాయాల్సిన చోట ‘పిల్లల చదువుల నిమిత్తము’ అని పడుతుంది. ఎవరి నిమిత్తమో వాళ్లకు మాత్రం చెప్పరు.

సరసమైన ధర = ఎక్కువ ధర. అతిశయోక్తి. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషను ఫీజు కలిపి నూటికి ఏడున్నర కొనేవాడి నెత్తిన వేరే. బ్రోకర్లు రావద్దు = వచ్చారు.

ప్రకీర్ణము

సామాన్లు సర్దుకుని పోవడం కర్నూలుకు అలవాటే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన ఈ ఊళ్లో ఒక ప్రభుత్వం డేరాలు వేసుకుని కాపురం పెట్టి, 1956లో హైదరాబాదుకు మకాం ఎత్తేసింది. దేవుళ్లూ కదిలారు. శ్రీశైలం ముంపులో పోవలసిన రూపాల సంగమేశ్వరాలయాన్ని విప్పి తెచ్చి జగన్నాథగట్టు మీద మళ్లీ నిలబెట్టారు. సుంకేసుల దగ్గర మొదలై కడపకు పోయే కె.సి. కాలువ సైతం అమ్ముడుపోయినదే. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ దాన్ని తవ్వి, గిట్టుబాటు గాక, 1882లో సర్కారుకు ఇచ్చేసింది. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా మన కర్త లారీ పోయే దారీ ఇంచుమించు కాలువ దారే.

పెద్దలకు సందేహాలన్నిటికీ సమాధానాలు సిద్ధంగా ఉన్నాయి. ఆషాఢం రాకముందే దిగి పాలు పొంగించాలి. బడి తెరిచేలోగా టీసీ తీసుకోవాలి. పాప వచ్చే ఏడు నాలుగుకొస్తుంది. ఉద్యోగాల్లో లోకలు అనిపించుకోవడానికి నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు అడిగే రోజులివి. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కర్నూలు, కడపలను ఒకే నాలుగో జోనులో పెట్టింది గనుక, జోను స్థాయి పోస్టుల వరకైనా ఆ బెంగ లేదనుకున్నారు.

పూర్వపక్షి మూడో తరగతి. ఆమె ప్రశ్నలు వేరు. “కడపలో ఇల్లు మనదేనా?” “కాదమ్మా, బాడుగ.” “మనది అమ్మి ఇంగొకళ్ల ఇంట్లో యాలుండాల?” “చూద్దాంలే.” “సెలవులకొస్తే ఈ కొన్నోళ్లు మమ్మల్ని మిద్దె ఎక్కనిస్తారా?” “చూద్దాంలే.”

వ్యాఖ్యాతలకొక దుర్గుణం ఉంది. తెలిసిన పద్యానికి నాలుగు పుటలు రాసి, కొరుకుడు పడని పద్యం రాగానే ‘స్పష్టము’ అని దాటేస్తారు. పైన తూర్పు వాకిలి దగ్గర మేమూ ఆ పనే చేశాం. అది ఆగ్నేయానికి తిరిగి ఉందని సందులో అందరికీ తెలుసు. తండ్రుల ‘చూద్దాంలే’ కూడా ఆ జాతిదే. వాస్తుకు, ముహూర్తానికి, ఈసీకి గంటలు గంటలు ఇచ్చి, పిల్లల ప్రశ్న రాగానే దాటుతారు. పిల్లవాడికి సంగతి బ్రోకరు నోట తెలిసిన ఇళ్లు ఈ సందులోనే ఉన్నాయి.

తాత్పర్యము

ఇల్లు అమ్మడం తప్పు కాదు. హక్కుదార్లకు చెప్పకుండా అమ్మడం తప్పు.

ఫలశ్రుతి

దీన్ని చదివిన అమ్మకందార్లు బయానా పుచ్చుకోక మునుపే పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఎందుకో, ఎక్కడికో, ఎప్పుడో చెప్పాలి. ఏడిస్తే ఏడవనివ్వాలి. కొత్త ఇల్లు చూడటానికి కడపకు పోయేటప్పుడు వాళ్లనూ బస్సెక్కించుకోవాలి. దీన్ని చదివిన కొనుగోలుదార్లకు ఒక మనవి. దసరా సెలవుల్లో ఇద్దరు పిల్లలు వాకిట్లో నిలబడి మిద్దె ఎక్కుతామని అడిగితే ఎక్కనివ్వండి. ఏ సెక్షనూ మిమ్మల్ని బలవంతపెట్టదు, కాబట్టే అడుగుతున్నాం.