మల్లయ్యకు ఓనరు లేడు

ఆదోని పత్తి మార్కెట్ యార్డులో నిలబడి "నాది ఫుట్‌బాల్ పిచ్చి" అని చెప్పి చూడండి. "అది ఉండనీలే, క్వింటాలు ఎంత పలికింది?" అని అడుగుతారు. వాళ్ళ తప్పేం లేదు. మా పడమటి కర్నూలు సీమలో ఆట అంటే క్రికెట్టు, లేదంటే ఎమ్మిగనూరు జాతరలో ఎద్దుల బండలాగుడు. ఇరవై రెండు మంది గంటన్నర సేపు ఒక బంతి వెనక పరుగెత్తి, చివరికి ఒక్క గోలూ పడకుండా ఇంటికి పోవడం మా వాళ్ళకు ఆటలాగా కనపడదు. ఫలితం లేని ఎదురుచూపు కోసం డబ్బిచ్చి టికెట్టు కొనాల్సిన పనేముంది? ఏటా జూన్‌లో ఆకాశం వైపు చూస్తే చాలు, ఉచితంగా దొరుకుతుంది.

అయినా నేను హైదరాబాద్ ఎఫ్‌సీ అభిమానిని అయ్యాను. దానికి కారణం వలస. సుగ్గి, అంటే పంట కోతలు, అయిపోతే మా ఊళ్ళ జనం మూటలు కట్టుకుని గుంటూరు మిరప చేలకో, బెంగళూరుకో, హైదరాబాదుకో బస్సెక్కుతారు. మా అక్క కొడుకు గచ్చిబౌలిలో మేస్త్రీ పనికి పోయాడు. వాడు కడుతున్న అపార్టుమెంటు మీది నుంచి చూస్తే బాలయోగి స్టేడియం లైట్లు కనపడేవట. ఒక రాత్రి ఫోన్ చేశాడు. "మామా, ఈడ పసుపుపచ్చ అంగీల జట్టు ఒగటుండాది. మన బండారు రంగే. ఒక తూరి రా, చూద్దువు గానీ" అన్నాడు. బండారు అంటే మా దేవరగట్టు మాళ మల్లేశ్వర స్వామి పసుపు. ఆ రంగు కనపడితే మా వాళ్ళు ముందు దండం పెడతారు, అదేందని తర్వాత అడుగుతారు. నేనూ అట్లే దండం పెట్టి ఇరుక్కున్నాను.

ఆ జట్టు జాతకం అప్పుడే చూసుకోవాల్సింది. అది పుట్టింది 2019 ఆగస్టు 27న. సరిగ్గా అదే రోజు ఇంగ్లండ్‌లో బరీ అనే క్లబ్బును అప్పుల కారణంగా లీగు నుంచి గెంటేశారు. 1885లో పుట్టిన క్లబ్బు అది, రెండుసార్లు ఎఫ్‌ఏ కప్పు గెలిచిన ఇల్లు. గెంటేయడానికి కొన్ని నెలల ముందు దాన్ని ఒకాయన ఒక్కటంటే ఒక్క పౌండు ఇచ్చి కొన్నాడు. పౌండు పెట్టి కొన్నవాడికి పోయింది పౌండే. తాతల కాలం నుంచి అదే మైదానానికి వచ్చేవాళ్ళకు శనివారం సాయంత్రాలన్నీ పోయాయి. ఒకే రోజు అక్కడ చావు, ఇక్కడ పురుడు. మా హొళగుంద పురోహితుణ్ణి అడిగి ఉంటే తిథి బాగాలేదని చెప్పి ఉండేవాడు.

పైగా మా జట్టు ఆకాశం నుంచి ఊడిపడలేదు. పుణె సిటీ అనే జట్టు డబ్బు కష్టాల్లో మునిగిపోతే, దేశ ఫుట్‌బాల్ లీగులో దాని స్థానం హైదరాబాదుకు వచ్చింది. ఆ రోజు పుణె వాళ్ళు ఏడుస్తున్నారని మాకు తట్టనే లేదు. మనకు కొత్త జట్టు వచ్చిందని మిఠాయి పంచుకున్నాం.

మొదటి ఏడు అట్టడుగున నిలిచాం. తర్వాత స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ అనే కోచ్ వచ్చి కుర్రాళ్ళను నమ్మాడు. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. 1-1తో ముగిస్తే పెనాల్టీ షూటౌట్‌కు పోయింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపేశాడు. మనం చాంపియన్లం! అయితే కరోనా పుణ్యమా అని ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది. కప్పు గెలిచిన ఏడు సొంత ఊళ్ళో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. హైదరాబాదుకు ఇది అలవాటే. క్రికెట్లో డెక్కన్ ఛార్జర్స్ 2009లో కప్పు గెలిచింది దక్షిణాఫ్రికాలో. 2012కల్లా యాజమాన్యం అప్పుల పాలై, బోర్డు ఒప్పందం రద్దు చేసి, జట్టే లేకుండా పోయింది. మన జట్లు ఊరు దాటి కప్పు గెలుస్తాయి, గెలిచాక ఊరే దాటిపోతాయి.

ఫుట్‌బాల్ జట్టు కూడా అదే దారి పట్టింది. 2023-24 సీజన్‌కల్లా ఆటగాళ్ళకు జీతాలు లేవు. బకాయిల గొడవ ఫిఫా దాకా పోతే, కొత్త ఆటగాళ్ళను తీసుకోవడానికి వీల్లేదని నిషేధం వచ్చింది. విదేశీ ఆటగాళ్ళు ఒక్కొక్కరే సూట్‌కేసు సర్దుకున్నారు. ఉన్న కుర్రాళ్ళతోనే కోచ్ థాంగ్‌బోయ్ సింగ్టో నెట్టుకొచ్చాడు. 22 మ్యాచుల్లో గెలిచింది ఒక్కటి, అదీ చెన్నైలో.

ఇక్కడ లెక్క చూడండి. జీతం ఎగ్గొట్టింది యాజమాన్యం. శిక్ష పడింది జట్టుకు. ఓడింది జీతం రాని కుర్రాళ్ళు. ఏడ్చింది టికెట్టు కొన్న మేము. అత్త మీద కోపం దుత్త మీద చూపడం అంటే ఇదే. దుత్త పగిలింది, అత్త ఇంకో ఇంటికి పోయింది.

2024లో క్లబ్బును బీసీ జిందాల్ గ్రూపు తీసుకుంది. డబ్బున్న వాళ్ళు, కష్టాలు తీరుతాయనుకున్నాం. తీరాయి కూడా. 2025 అక్టోబరులో జట్టునే ఢిల్లీకి తీసుకుపోయి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చేశారు. జట్టే లేనప్పుడు కష్టం ఎక్కడిది?

ఆ ఏడు దసరా కూడా అక్టోబరులోనే. పండగ రెండో తేదీన అయిపోయింది. తర్వాత హొళగుందలో టీ అంగడి దగ్గర దిగాలుగా కూర్చుని ఉంటే, నెరణికి ఊరి పెద్దాయన ఒకాయన పక్కన చేరాడు. తలకు కట్టు ఉంది. కట్టు కింది నుంచి పసుపు కనపడుతోంది.

"ఏమప్పా, మొగం అట్ల పెట్టినావు?"

"మా జట్టు ఢిల్లీకి పోయింది తాతా."

"ఆటాడనీకా?"

"కాదు, కాపురానికి."

"యెవురు పంపినారు?"

"ఓనరు."

"ఓనరంటే ఆ ఊరోడేనా?"

"కాదు తాతా. దుడ్డు పెట్టి కొన్నోడు."

పెద్దాయన టీ గ్లాసు కింద పెట్టాడు. "మీ ఊరి జట్టంటివి. యెవురో కొన్నాడంటావు. కొన్నోడు యాడికో తీసకపోయినాడంటావు. మరి మీరంతా యేం చేస్తాంటిరి?"

"ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టినాం తాతా."

అదేందో ఆయన అడగలేదు. కట్టు సవరించుకుని, "మా మల్లయ్యను కూడా యెవురన్నా కొంటామంటే కొననీలేప్పా. గట్టు దించి తీసకపోను చూడమను" అన్నాడు.

ఆ మాట విన్నాక నాకు దేవరగట్టు బన్ని ఉత్సవం కొత్తగా అర్థమైంది. విజయదశమి అర్ధరాత్రి కొండ మీద స్వామికీ మాళమ్మకూ కల్యాణం జరుగుతుంది. తర్వాత ఉత్సవ మూర్తులు కొండ దిగుతాయి. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట ఊళ్ళ వాళ్ళు ముందే దీక్ష పట్టి, చెప్పులు విడిచి, పాలబాస (పాల మీద ఒట్టు) చేసి ఉంటారు. వాళ్ళు విగ్రహాల చుట్టూ కర్రలతో కోట కడతారు. అరికెర, సుళువాయి, ఎల్లార్తి, విరుపాపురం లాంటి చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు స్వామిని తమ వైపు తీసుకుపోవాలని దివిటీలు, కర్రలు పట్టుకుని మీద పడతారు. టీవీల వాళ్ళు దీన్ని కర్రల సమరం అంటారు. నన్నడిగితే ఇది జట్టు తరలింపు ప్రయత్నం. ఏటా జరుగుతుంది, ఏటా విఫలమవుతుంది. తెల్లారేసరికి మూర్తులు బసవన్న గుడి దగ్గర కార్ణీకం (భవిష్యవాణి) అయ్యాక క్షేమంగా వెనక్కి చేరతాయి. ఎంత గట్టి కంపెనీ అయినా ఆ రాత్రి ఆ కర్రల కోట దాటి పోలేదు.

కానీ ఇందులో వేళాకోళానికి లొంగని సంగతి ఒకటుంది. ఏటా పదుల సంఖ్యలో తలలు పగులుతాయి. కొన్ని దసరాలకు ప్రాణాలే పోయాయి. ఆ ఇళ్ళలో మళ్ళీ పండగ రాదు. కాబట్టి కర్ర పట్టి క్లబ్బును కాపాడుకుందాం రండి అని నేను పిలవడం లేదు. ఓనరు ఉన్నచోట గుండెలు పగులుతాయి, ఓనరు లేనిచోట తలలు పగులుతాయి. రెండూ మనవే.

శిక్షల విషయంలో మాత్రం మా గట్టుకూ ఫుట్‌బాల్ లీగులకూ తేడా లేదు. దసరా దగ్గర పడితే అధికారులు ఊరూరా తిరిగి అవగాహన సభలు పెడతారు. ఇనుప రింగులు తొడిగిన కర్రలు పట్టుకుపోతారు. సారా ఉందేమోనని వెతుకుతారు, బైండోవర్ కేసులు పెడతారు, వందల మంది పోలీసుల్ని దింపుతారు, పైన డ్రోన్లు ఎగరేస్తారు. రాత్రి పన్నెండు దాటగానే, పట్టుకుపోయిన కర్రలన్నీ ఎట్లా పుట్టాయో మళ్ళీ పుడతాయి. డ్రోను అంతా శుభ్రంగా చూస్తుంది. ఇంగ్లండ్ మైదానాల్లో ఆఫ్‌సైడ్ చూసే కెమెరా కూడా ఇట్లాగే అంతా చూస్తుంది, గొడవ మాత్రం ఆగదు.

ఆ ఇంగ్లండ్‌లోనైనా న్యాయం ఉందేమో అని చూస్తే, 2023 నవంబరులో ఎవర్టన్ క్లబ్బు పరిమితికి మించి నష్టపోయిందని 10 పాయింట్లు కోశారు. అప్పీలుకు పోతే ఆరు చేశారు. తర్వాత ఇంకో లెక్క తీసి మరో రెండు కోశారు. మా పత్తి యార్డులో తూకం దగ్గర తరుగు తీసినట్టే. రైతు నోరు తెరిస్తే కొంచెం తగ్గిస్తారు, బస్తా కట్టేలోపు ఇంకోచోట తీస్తారు. ఎవర్టన్ అభిమానులు గులాబీ రంగు అట్టల మీద లీగు అవినీతిమయమని రాసి ఎత్తి చూపించారు. రెడింగ్ క్లబ్బు అభిమానులైతే యజమాని మీద కోపంతో మైదానంలోకి టెన్నిస్ బంతులు విసిరారు, 2024 జనవరిలో ఏకంగా మైదానంలోకే దిగి మ్యాచ్ ఆపేశారు. ఫుట్‌బాల్ కోసం ఫుట్‌బాల్‌ను ఆపడం అభిమానికే తెలిసిన వేదాంతం.

షెఫీల్డ్ వెన్స్‌డే సంగతి ఇంకా ఘాటు. అక్కడ కూడా 2025లో జీతాలు వేళకు రాలేదు. అభిమానులు యజమాని పోయేదాకా క్లబ్బు అంగడిలో ఏమీ కొనం అని భీష్మించారు. అక్టోబరులో క్లబ్బు దివాలా పాలనలోకి పోయింది, 12 పాయింట్లు కోశారు. ఆ రోజు అభిమానులు ఏం చేశారు? యజమాని పోయాడని పండగ చేసుకుని, టికెట్లకూ చొక్కాలకూ ఎగబడ్డారు. శిక్ష పడిన రోజు సంబరం చేసుకునే మనుషుల్ని ఏ లీగు మాత్రం ఏం చేయగలదు?

మన దేశంలో శిక్ష పడితే మరీ విచిత్రం. 2022 ఆగస్టులో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య పాలన గొడవల వల్ల ఫిఫా భారతదేశాన్నే సస్పెండ్ చేసింది. కుర్చీల కోసం కొట్లాడిన పెద్దలు ఇళ్ళలో ఉన్నారు. ఆసియా క్లబ్బుల పోటీ కోసం అప్పటికే తాష్కెంట్ చేరిన గోకులం కేరళ అమ్మాయిలు బూట్లు కట్టుకుని హోటల్లో కూర్చున్నారు. సస్పెన్షన్ పది రోజులు దాటగానే ఎత్తేశారు. ఆ అమ్మాయిల పోటీ మాత్రం అప్పటికే చేజారింది.

హైదరాబాదుకు ఇట్లా జరగడం నాకు మరీ మంట. దేశానికి ఫుట్‌బాల్ పాఠం చెప్పిన ఊరు అది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదు రోవర్స్ కప్పులు కొట్టింది. ఆయనే కోచ్‌గా భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు తెచ్చింది, 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ హైదరాబాద్ జట్టును నడిపింది పోలీసు శాఖ. అమ్మేద్దామన్నా కొనేవాడు ఉండడు, ఢిల్లీకి బదిలీ చేద్దామన్నా సర్వీసు రూల్సు ఒప్పుకోవు. ఇప్పుడు ఆలోచిస్తే అదే దాని భాగ్యమనిపిస్తుంది.

ఇట్లాంటి అన్యాయానికి కర్ర ఎత్తకుండా జవాబు చెప్పినవాళ్ళు ఉన్నారు. లండన్‌లో వింబుల్డన్ జట్టును దూరంగా మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి 2002లో అనుమతి ఇస్తే, అభిమానులు ఆ ఏడే సొంత క్లబ్బు పెట్టుకున్నారు. పార్కులో కుర్రాళ్ళను ఎంపిక చేసుకుని, బాగా కింది స్థాయి లీగు నుంచి మొదలుపెట్టి, 2011లో పెద్ద లీగుల మెట్టెక్కారు. పాత పేటలోనే స్టేడియం కట్టుకుని 2020లో తిరిగొచ్చారు. జర్మనీలో అయితే కొన్ని క్లబ్బులు తప్ప మిగతా వాటిలో సగం కంటే ఎక్కువ ఓట్లు సభ్యుల చేతుల్లోనే ఉండాలని నియమం. అక్కడ డబ్బున్నవాడు వాటా కొనొచ్చు, ఊరిని కొనలేడు.

కాబట్టి లీగు పెద్దలకు నా మనవి. జట్టు కొనడానికి వచ్చినవాడి దగ్గర ముందు ఏడాది జీతాలు డిపాజిట్ కట్టించుకోండి. ఊరి పేరు, చొక్కా రంగు అమ్మకపు పత్రంలో రాయకండి, అవి జనానివి. జీతం ఎగ్గొట్టినవాడి పాయింట్లు కోయాలంటే అతని కంపెనీ లెక్కల్లో కోయండి, జట్టు పట్టికలో కాదు. అప్పటికీ బుద్ధి రాకపోతే, ఓడిన మ్యాచ్ అయ్యాక ఆదోని బస్సులో చివరి సీటులో, మా మేనల్లుడి పక్కన కూర్చోబెట్టి కర్నూలు దాకా పంపండి. వాడు దారి పొడుగునా మాట్లాడతాడు.

చదివేవాళ్ళకు ఒక్క మాట. రేపు మీ ఊరికి కొత్త జట్టు వస్తుంది. కొత్త చొక్కా, కొత్త పాట, సినిమా తారలు, అన్నీ ఉంటాయి. చప్పట్లు కొట్టే ముందు అది ఏ ఊరి నుంచి లేచొచ్చిందో అడగండి. అట్లా లేచొచ్చిన జట్టు మీ ఊళ్ళో కూడా నిలవదు.