పెట్టె వరమిచ్చినా కార్డు కరుణించదు

యంత్రం ‘కాదు’ అనడంలో రెండు రకాలున్నాయి. మొదటి రకం 1979 ఆగస్టు 10న శ్రీహరికోటలో వినిపించింది. ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ తొలి ప్రయోగానికి కొద్ది సెకన్ల ముందు కంప్యూటర్ కౌంట్‌డౌన్‌కు అడ్డుపడింది. నియంత్రణ వ్యవస్థలో లీకుందని దాని ఫిర్యాదు. ఆ మాట కాదని రాకెట్‌ను వదిలామని, అది పోయి బంగాళాఖాతంలో పడిందని అబ్దుల్ కలామే తర్వాత సభల్లో చెప్పుకున్నారు. లోపాలు దిద్దుకున్నాక 1980 జూలై 18న అదే తీరం నుంచి రోహిణి ఉపగ్రహం కక్ష్యకెక్కింది. ఆనాటి కంప్యూటర్ కాదన్నది మన మేలు కోరే.

రెండో రకం ‘కాదు’ పులికాట్‌కు ఇవతల, సూళ్లూరుపేట లాంటి ఊళ్లో ఏ లాడ్జి కౌంటర్ వెనకైనా వినిపించవచ్చు. గోడకు గదుల ఫోన్లన్నిటినీ కలిపే ఈపీఏబీఎక్స్ పెట్టె, అందులో గోరంత ఎస్‌డీ కార్డు. ఏ గదిది ఏ నంబరు, ఎవరికి బయటి లైను ఇవ్వాలి, తొమ్మిది నొక్కితే ఎవరు పలకాలి, ఇలా పెట్టె జాతకమంతా ఆ కార్డులోనే. జాతకంతో ఆగితే బాగుండేది, కొన్ని కంపెనీలు తాళంచెవిని కూడా అక్కడే దాచాయి. అవాయా వారి ఐపీ500 వీ2 పెట్టెలో లైసెన్సుల ముడి కార్డు నంబరుతోనే. బజార్లో కొన్న మామూలు కార్డులోకి ఫైళ్లన్నీ పొల్లుపోకుండా ఎక్కించినా పెట్టెకది పరాయిదే. అసలు కార్డు తీసేస్తే లైసెన్సు సౌకర్యాలకు రెండు గంటల గడువు. ఆ తర్వాత వైర్లు బాగున్నా, ఫోన్లు బాగున్నా, డబ్బు ఎప్పుడో కట్టేసినా, పూజారి లేడు గనక వరం లేదు.

సాఫ్ట్‌వేర్ కూడా చెమటోడ్చి చేసిందే, తాళం లేకపోతే దొంగలు దోచుకోరా అంటారు. నిజమే, కూలి ఎగ్గొట్టమని ఎవరూ అనడం లేదు. కానీ తాళం దొంగను ఆపాలి. ఇక్కడ బిల్లు చేతపట్టుకున్న యజమానే గుమ్మం బయట నిలబడతాడు. ఉప్పుగాలికి కార్డు కాళ్లు చిలుము పట్టడం దొంగతనం కాదు, అరుగుదల. డీలర్‌నడిగితే లైసెన్సు కొత్త కార్డుకు మారుస్తాడుగా అంటారు. మారుస్తాడు, వచ్చినప్పుడు. రాకెట్ చూడ్డానికొచ్చిన జనంతో గదులు నిండిన రాత్రికి ఆ ఓదార్పు పనికిరాదు.

ఇంతకన్నా గత్యంతరం లేదన్న మాట మాత్రం ఒప్పుకోలేం. 1984లో పుట్టిన ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీడాట్, దుమ్ముకూ ఎండకూ తట్టుకుని ఏసీ లేకుండా నడిచే 128 లైన్ల ఎక్స్ఛేంజీని తయారుచేసి, 1986లో కర్ణాటకలోని కిట్టూరులో పెట్టింది. ఆ సాంకేతికతను ఒకరి గుప్పిట్లో బిగించకుండా చాలా కంపెనీల చేతికిచ్చింది. కాబట్టి కొనేవాళ్లు బేరంలోనే రెండు షరతులు పెట్టాలి: పెట్టెతోపాటు పనిచేసే జత కార్డు ఇవ్వాలి, లైసెన్సు కార్డు పేర కాక కొన్నవాడి పేర రాయాలి. సంతకానికి ముందు ఇంకో ప్రశ్న కూడా అడగాలి: రేపు ఈ యంత్రం కాదంటే, లీకు పెట్టెలో ఉన్నట్టా, మా జేబులో ఉన్నట్టా?