లక్ష్మణదేవర మానిటర్లు

రాత్రి రెండింటికి మంచినీళ్ళకని లేచిన మా ఆవిడ హాల్లో వెలుగు చూసి, నేనింకా పనిచేసుకుంటున్నాననుకుని జాలిపడింది. తీరా చూస్తే కుర్చీ ఖాళీ. నేను మంచం మీద గురక పెడుతున్నాను. మేలుకుని ఉన్నవి నా రెండు మానిటర్లు. తొలకరి పడిన రాత్రేమో, కాప్రాలో ఉన్న ఉసిళ్ళన్నీ మా కిటికీలోంచి వచ్చి ఆ తెరల ముందు కొలువు తీరాయి. పొద్దున చూస్తే కీబోర్డు నిండా రెక్కలే. రెండు మీటల సందులో ఇరుక్కున్న ఓ రెక్క ఫ్యాను గాలికి ఊగుతోంది, టాటా చెబుతున్నట్టు.

"అదేదో లైనక్సు, అన్నీ మనం చెప్పినట్టే వింటుందన్నారు?" అంది మా ఆవిడ, చీపురు నా చేతికిస్తూ.

వింటుంది. రాత్రిళ్ళు బ్యాకప్ నడుస్తుంది గనక కంప్యూటర్‌ని పడుకోబెట్టను. తెరలు మాత్రం పది నిమిషాలకి ఆరిపోవాలని చెప్పిపెట్టాను. ఆరిపోతాయి కూడా. మూడు లెక్కపెట్టేలోగా మళ్ళీ వెలుగుతాయి. చంటిపిల్లని ఉయ్యాల్లో వేసి, చప్పుడు కాకుండా గుమ్మం దాకా వచ్చాక "క్యార్"మన్నట్టు.

మేముండేది మామయ్యగారి ఇంటి పై వాటాలో కాబట్టి, పై వాటా రోగానికి కింది వాటాలో వైద్యం మొదలైంది. మామయ్యగారు ఈసీఐఎల్‌లో పనిచేసి రిటైరయ్యారు. 1967లో ఏఎస్ రావుగారి చేతుల మీదుగా మొదలైన సంస్థ అది. మేం రోజూ కూరలు కొనే ఏఎస్ రావు నగర్‌కి ఆ పేరు ఆయనదే. టీడీసీ-12 లాంటి కంప్యూటర్లూ, ఈసీ టీవీలూ తయారుచేసిన చోట ఉద్యోగం చేసిన మనిషికి నా మానిటర్లు ఒక లెక్కా?

"వోల్టేజి," అన్నారు, పైకి రాకుండానే. "ఈసీ టీవీ మీట టక్కున తిప్పితే బొమ్మంతా ముడుచుకుని నడిమధ్య తెల్లటి చుక్కయ్యేది. ఆ చుక్క కూడా ఆరాకే లేచేవాళ్ళం. ఆపితే ఆగేదయ్యా! నీవి ఒక్కోటి పాతిక వాట్లు అనుకో, రాత్రికి ఎనిమిది గంటలు, నెలకి పన్నెండు యూనిట్లు." మీటరు ఇద్దరికీ ఒకటే మరి.

మా ఆవిడ అభిప్రాయం, నేను దాని ముందునుంచి లేవకపోబట్టే దానికి పడుకునే అలవాటు తప్పిందని. మావాడిది, విండోస్ వేయిస్తే సరిపోతుందని. గేములు కూడా వస్తాయట. నా అనుమానం డ్రైవరు మీద. లైనక్సు వాడేవాడికి తుమ్మొచ్చినా ముందు డ్రైవరునే అనుమానిస్తాడు.

మానిటర్లకి నిద్ర చెప్పడానికి డీపీఎంఎస్ అని 1993 నాటి పద్ధతొకటి ఉంది. "ఎక్స్‌సెట్ డీపీఎంఎస్ ఫోర్స్ ఆఫ్" అని కొట్టడం, దెయ్యాన్ని దింపే మంత్రంలా. ఒకటికి పదిసార్లు జపించాను. నేను వాడే వేలాండ్‌లో ఆ మంత్రం పారదని పదకొండోసారికి తెలిసింది. తర్వాత మౌస్. బల్ల అదిరినా ఆప్టికల్ మౌస్ కదిలిందనుకుని తెరని లేపుతుంది. వెల్లకిలా పడుకోబెట్టాను. చివరికి వైరే పీకేశాను. మూడు లెక్కపెట్టాను. వెలుగు!

ఆదివారం మధ్యాహ్నం "యూడెవ్ఏడీఎం మానిటర్" అనే ఆదేశం ఇచ్చి కాపు కాశాను. కంప్యూటర్‌కి ఏది తగిలించినా ఏది ఊడదీసినా చాడీలు చెప్పే ఆదేశమది. తెరలు ఆరేముందు మొదలుపెట్టి, వెలిగాక చదివాను. ఎవరూ వైరు ముట్టుకోలేదు. అయినా గ్రాఫిక్స్ కార్డు దగ్గర ఏదో మార్పని వరసగా నమోదై ఉంది.

అప్పుడర్థమైంది. డిస్‌ప్లేపోర్టు వైరున్న ఎడమ మానిటర్‌ది మరీ మొద్దునిద్ర. పడుకుందంటే వైరు ఊడిపోయినట్టే. లైనక్సు కంగారుపడి, ఇంట్లో మనిషి తప్పిపోయినట్టు, దాని మీదున్న కిటికీలన్నీ కుడి మానిటర్‌కి చేరవేయడానికి దీపం పెడుతుంది. ఈలోగా ఎడమది సిగ్నల్ ఎక్కడుందో వెతుక్కుంటూ లేస్తుంది. "అమ్మయ్య, వచ్చావా!" అని లైనక్సు దాన్నీ వెలిగిస్తుంది. ఒకరు పడుకుంటే ఒకరు లేపడం. కొత్త కాపురం.

మందు లైనక్సులో లేదు, డ్రైవరులో లేదు, మానిటర్ కడుపులోనే ఉంది. అంచు కింద తడిమితే అయిదు బొత్తాలు, అన్నీ ఒకేలాంటివి. రెండుసార్లు పవర్ నొక్కి, ఒకసారి భాష మార్చి, మొత్తానికి మెనూలో "డీప్ స్లీప్", "ఆటో సోర్స్" అనే రెండూ ఆపేశాను. పది నిమిషాలకి తెరలు ఆరాయి. మూడు లెక్కపెట్టాను. ముప్ఫై లెక్కపెట్టాను. చీకటి!

విజయగర్వంతో కిందికి దిగి కథంతా వినిపించాను. మామయ్యగారు "వోల్టేజి కూడా చూపించు" అన్నారు. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అత్తయ్య మాత్రం తలెత్తింది.

"లక్ష్మణదేవర నవ్వు పాట విన్నావా నాయనా? పద్నాలుగేళ్ళూ నిద్ర లేకుండా ఉన్న లక్ష్మణుడు, తీరా నిండు సభలో నిద్రాదేవి కనబడేసరికి నవ్వాడు. సభలో ఎవరికి వాళ్ళు తమ గుట్టు తల్చుకుని, తమని చూసే నవ్వాడనుకున్నారు. చివరికి రాముడు ఎందుకు నవ్వావయ్యా అని అడిగితే గానీ సంగతి తేలలేదు. మీరూ ఆ మానిటర్నే ముందు అడిగితే పోయేదిగా?"

"నిజమే అత్తయ్యా. పది రోజులు వృథా."

"వృథా ఎందుకూ," అంది, ఇంకో చిక్కుడుకాయ అందుకుంటూ. "ముందే అడిగుంటే మాకు అంత పొడుగు పాట ఎక్కడిది?"