అప్‌గ్రేడ్ బావ

ప్రతి ఊళ్ళోనూ ఓ ఫొటో స్టూడియో ఉంటుంది. అందులో లక్షణంగా పనిచేస్తున్న కెమెరా ఒకటి ఉంటుంది. ఆ కెమెరా ఇంక పనికిరాదని మనసా వాచా నమ్మిన మనిషి కూడా ఒకడుంటాడు. ఆయనే దాని యజమాని.

చోడవరంలో ఈ జాతి మనిషిని చూడాలంటే ముహూర్తాలు లేని మూఢంలో రండి. స్టూడియో మెట్ల మీద కూర్చుని, ఎక్కడో అమెరికాలో ఎవరో కుర్రాడు కొత్త కెమెరా అట్టపెట్టె విప్పుతూంటే ఫోన్లో చూస్తూ ఉంటాడు. చేతిలో టీ చల్లారిపోతుంది. పెట్టెలోంచి కెమెరా బైటికొచ్చే క్షణంలో ఆయన మొహం చూడాలి. తన కెమెరాతో తీసిన వేల పెళ్ళిళ్ళలో ఏ పెళ్ళికొడుకు మొహంలోనూ అంత వెలుగు ఆయనకి దొరకలేదు.

ఊరంతా ఆయన్ని బావా అనే పిలుస్తుంది. పెళ్ళికూతురి వైపు వాళ్ళకీ బావే, పెళ్ళికొడుకు వైపు వాళ్ళకీ బావే. నిండు పందిట్లో పరాయి ఆడపిల్లని 'కాస్త గెడ్డం ఎత్తమ్మా, నవ్వమ్మా' అనగలిగే చనువు ఆ వరసకే ఉంది మరి. ఆ వరస ఆయనకి ఎంత ఖరీదు పడుతోందో తర్వాత చెబుతాను.

స్టూడియో బోర్డు మీద ఇప్పటికీ 'చోడవరం, విశాఖపట్నం జిల్లా' అనే ఉంది. 2022 ఏప్రిల్ 4న మేమంతా కదలకుండా కూర్చున్నచోటే అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళిపోయాం. బోర్డు ఎందుకు మార్చలేదు బావా అంటే, "బోర్డొక్కటీ మారిస్తే సరిపోద్దేటి? బిల్లుబుక్కు మార్చాల, రబ్బరు స్టాంపు మార్చాల, ఆల్బం అట్ట మీద అచ్చు మార్చాల. పైకి కనబడని ఖర్చులు సానా ఉంటాయి గురూ" అంటాడు. ఎంత ముందుచూపు! ఆ ముందుచూపంతా బోర్డు దగ్గరే ఖర్చయిపోయి, కెమెరా దగ్గరికొచ్చేసరికి చిల్లిగవ్వ మిగలదు.

ఈ కెమెరాల మోజు వంశపారంపర్యం అనుకుంటాను. వాళ్ళ నాన్నగారి కాలంలో వీహెచ్ఎస్ కెమెరా భుజం మీద ఉండేది, పక్కన లైటు పట్టుకునే కుర్రాడు ఉండేవాడు. పురోహితుడి కన్నా ఆ కుర్రాడికే ఎక్కువ చెమటలు పట్టేవి. తర్వాత మినీ డీవీ వచ్చింది. గంటకో టేపు. తీసిందీ దాచిందీ ఆ టేపు మీదే, అట్టపెట్టెలో పడేస్తే సరి. 2008 ఆగస్టులో నికాన్ డీ90, సెప్టెంబరులో కెనాన్ 5డీ మార్క్ టూ ప్రకటించారు. అంతవరకు బుద్ధిగా ఫొటోలు తీసుకునే కెమెరా వీడియో కూడా తీయడం మొదలెట్టింది. నికాన్‌లో క్లిప్పుకి అయిదు నిమిషాలు, కెనాన్‌లో దాదాపు పన్నెండు. మా వైపు పెళ్ళిలో మేనత్త అక్షింతలు వేసి, కన్నీళ్ళు తుడుచుకుని, పక్కావిడతో చీర సంగతి మాట్లాడి దిగేసరికే ఆ పన్నెండూ అయిపోతాయి.

ఆ తర్వాత చాలా కెమెరాలకి 29 నిమిషాల 59 సెకన్ల గీత ఒకటి పడింది. ముప్పై నిమిషాలు ఏకబిగిన తీయగలిగితే దాన్ని వీడియో కెమెరా కింద లెక్కగట్టి ఐరోపా కస్టమ్స్ వాళ్ళు ఎక్కువ సుంకం వేస్తారని కంపెనీలు ఒక్క సెకను ముందే ఆపేశాయి. ఐరోపా సుంకానికీ చోడవరం సుముహూర్తానికీ ఏమిటి సంబంధమని బావని అడగండి. జీలకర్రా బెల్లం దగ్గర నొక్కిన బటన్ సరిగ్గా మాంగల్యం దగ్గర మౌనం పాటించేది. అందుకని బావ పురోహితుడికి కనుసైగ చేసి, మళ్ళీ నొక్కి, అప్పుడు తాళి కట్టించేవాడు. ఊళ్ళో కొన్ని పెళ్ళిళ్ళు పంచాంగం ప్రకారం కాదు, కెమెరా ప్రకారం జరిగాయి.

ఇప్పుడు బావ దగ్గరున్నది సోనీ ఏ7 త్రీ, 2018 నాటిది. ఫొటోలకి బంగారం. వీడియో కూడా 4కే తీస్తుంది. మరి లోపమేమిటి? "ఎయిట్ బిట్ గురూ" అంటాడు, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోలేనట్టు మొహం పెట్టి. దాని తర్వాత వచ్చిన ఏ7 ఫోర్‌లో 10 బిట్ ఉంది, 4కేలో సెకనుకి 60 ఫ్రేములు ఉన్నాయి, అరగంట గీత లేదు. ఇవి నిజమైన లాభాలే, నేను కాదనను. రంగు దిద్దేటప్పుడు మెట్లు మెట్లుగా విడిపోని ఆకాశం, నెమ్మదిగా రాలే తలంబ్రాలు — ఎవరికి చేదు?

లెక్క వేయడం మాత్రం బావకే చెల్లింది. కాగితం ఎప్పుడూ శుభలేఖ వెనక వైపే. ముందు వినాయకుడు, వెనక వడ్డీ. బాడీ రెండున్నర లక్షలు అనుకో, పాతది తొంభైకి పోతుంది అనుకో, పైన పడేది లక్షా అరవై. "అంతే గురూ! పది పెళ్ళిళ్ళు!" అని పెన్ను మూత పెట్టేస్తాడు. తాళిబొట్టు ధర కనుక్కుని పెళ్ళి ఖర్చు తేల్చేయడమంటే ఇదే. అందులోనూ జీవితమంతా పెళ్ళిళ్ళలో గడిపిన మనిషి చెయ్యడం!

మొదట కార్డు అడ్డు తగులుతుంది. పాత కెమెరాలో 4కే సెకనుకి 100 మెగాబిట్లు, గంటకి 45 జీబీ. కొత్తదాంట్లో మామూలు 10 బిట్ 4:2:2 అయితే 140 మెగాబిట్లు, గంటకి 63 జీబీ. 60 ఫ్రేములంటే 200 మెగాబిట్లు, 90 జీబీ. అక్కడితో ఆగితే బావ ఎందుకవుతాడు? ఆ కెమెరా మెనూలో ఆల్-ఇంట్రా అనేది ఒకటి కనబడింది. 60 ఫ్రేముల దగ్గర సెకనుకి 600 మెగాబిట్లు, గంటకి 270 జీబీ. దానికి కనీసం సెకనుకి 90 మెగాబైట్లు రాయగల వీ90 కార్డు కావాలి, లేదా సీఎఫ్ఎక్స్‌ప్రెస్ టైప్ ఏ కావాలి. ధర మామూలు కార్డుకి ఎన్నో రెట్లు. "క్వాలిటీ ముక్యం కదేటి" అన్నాడు. స్నాతకం దగ్గర్నుంచి అప్పగింతల దాకా అన్నిటికీ క్వాలిటీ ముఖ్యమే. అందులో సగం సేపు కెమెరా ముందు నడిచేది వడ్డనవాళ్ళు.

అంతా తీశాక దాచాలి కదా. అతి మామూలు పద్ధతిలో గంటకి 63 జీబీ చొప్పున ఎనిమిది గంటలు, రెండు కెమెరాలు అంటే వెయ్యి జీబీ దాటింది. ఒక హార్డ్ డిస్క్ పోతే ఇంకోటి ఉండాలి గనక రెండు టీబీలు. ఒక్క పెళ్ళికి! మూడేళ్ళ తర్వాత ఎవరో వచ్చి 'బావా, మా పెళ్ళి పెన్‌డ్రైవ్ పోయింది, ఇంకోటి పెట్టీ' అంటారు గనక చెరపడానికి లేదు. బావ భార్య మాకందరికీ అక్క; ఆవిడ పట్టుచీరల అరలో ఇప్పుడు ఊరందరి పెళ్ళిళ్ళూ కాపురముంటున్నాయి. ఆ అరలోనే కలరా ఉండల పక్కన సిలికా జెల్ పొట్లాలు. మాది సముద్రం దగ్గరి గాలి. లెన్సుని అశ్రద్ధ చేస్తే లోపల బూజు పడుతుంది. దానికో డ్రై క్యాబినెట్, ఆ క్యాబినెట్‌కి ఇరవైనాలుగ్గంటలూ కరెంటు, కరెంటు పోతే ఇన్వర్టరు. ఇవేవీ శుభలేఖ మీద ఎక్కలేదు.

కంప్యూటర్ సంగతి మహాకావ్యం. హెచ్.265లో 10 బిట్ 4:2:2 ఫైలు విప్పడం కొత్త ఇంటెల్ ప్రాసెసర్లలో చాలావాటికి వచ్చు, ఆపిల్ ఎం1కీ దాని తమ్ముళ్ళకీ వచ్చు. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డులకి మాత్రం 2025లో ఆర్‌టీఎక్స్ 50 వరస వచ్చేదాకా ఆ విద్య అబ్బలేదు. బావకి ఇదంతా ఎవరు చెప్పారు? మేనల్లుడు ఆటలాడుకుంటున్నాడని అంతకు ముందే ఓ పాత వరస గ్రాఫిక్స్ కార్డు బోలెడు పోసి కొన్నాడు. విశాఖలో ఎవరో మిత్రుడి కొత్త కెమెరా ఫైలు ఒకటి తెచ్చి అందులో వేశాడు. పెళ్ళికూతురు తల వంచింది. స్క్రీన్ నిలిచిపోయింది. బావ భోజనం చేసి వచ్చాడు. పెళ్ళికూతురు ఇంకా తల ఎత్తలేదు. అంత సిగ్గున్న పెళ్ళికూతురిని ఈ మధ్య చూడలేదని అక్క మెచ్చుకుంది.

60 ఫ్రేముల మోజులో ఇంకో మెలిక ఉంది. ఏ7 ఫోర్‌లో 4కే 60 పెట్టగానే సెన్సారు మధ్య భాగమే వాడుతుంది, బొమ్మ ఒకటిన్నర రెట్లు దగ్గరికొచ్చేస్తుంది. 24 ఎంఎం లెన్సు 36 అవుతుంది. మైదానంలో అయితే నాలుగడుగులు వెనక్కి వేసుకోవచ్చు. మా కల్యాణమండపాల్లో వేదిక ఎదుట నాలుగడుగులు వెనక్కి వేస్తే మొదటి వరసలో కూర్చున్న పెద్దాయన ఒళ్ళో ఉంటాం. కనక ఇంకా వెడల్పు లెన్సు కావాలి. దాని మూతి సైజు వేరు గనక వేరే ఎన్‌డీ ఫిల్టరు కావాలి. రంగు తర్వాత దిద్దుకునే లాగ్ పద్ధతిలో తీస్తే కనీస ఐఎస్ఓయే ఎక్కువ గనక పగటి పూట ఆ నల్లద్దం లేకుండా కుదరదు. బరువు మారింది గనక కెమెరా ఊగకుండా పట్టే గింబల్ మళ్ళీ సర్దాలి. అవన్నీ మోసే కుర్రాడు జీతం పెంచమంటాడు. ఈ గొలుసులో న్యాయమైన కోరిక కుర్రాడిది ఒక్కటే.

పక్కచూపులూ లేకపోలేదు. 2020లో కెనాన్ ఆర్5 వచ్చినప్పుడు 8కే అని వారం రోజులు నిద్రపోలేదు. 8కే రా వీడియో వేడెక్కకుండా దాదాపు 20 నిమిషాలు తీయొచ్చని, అదీ 23 డిగ్రీల గది ఉష్ణోగ్రతలో అని కంపెనీయే చెప్పింది. మే నెల చోడవరంలో 23 డిగ్రీలు ఫ్రిజ్ తలుపు తీస్తే వస్తుంది. "అలాంటి పెళ్ళిళ్ళు కొండల మీద చల్లటి లంబసింగిలో పెట్టించాల బావా" అన్నాను. నిజంగానే పెట్టించగలడా అని కాసేపు ఆలోచించాడు.

ఖర్చు తగ్గినప్పుడు కూడా ఆయనకి ఖర్చే. 2019 జనవరి 1 నుంచి డిజిటల్ కెమెరాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. కెమెరా కొనలేదు గానీ, కొంటే పది శాతం మిగిలేది కదా అని ఆ మిగిలేదాంతో మైకు కొన్నాడు.

ఈ మూఢం వెళ్ళాక ఏ7 ఫోర్ కొనేద్దామని ముహూర్తం పెట్టుకున్నాడు. మా ఊరి స్వయంభూ విఘ్నేశ్వరుడి గుళ్ళో కొబ్బరికాయ కొట్టి, అటునుంచి అటే విశాఖ బస్సెక్కాలని ఏర్పాటు. ముందురోజు రాత్రి ఆ లెక్క రాసిన శుభలేఖ అక్క చేతిలో పడింది.

అక్క చెరకు రైతు బిడ్డ. ఫేక్టరీ టన్నుకి ఇచ్చేది ఎంత, అందులో నరుకుడు కూలి ఎంత, బండి కిరాయి ఎంత, చివరికి చేతిలో పడేది ఎంత — గోవాడ చక్కెర ఫేక్టరీ సీజన్ వచ్చిందంటే వాళ్ళింట్లో రాత్రి భోజనాల దగ్గర ఇదే మాట నడిచేది. చదివింది పదో తరగతే గానీ ఆవిడ ముందు ఖర్చు దాక్కోవడం కష్టం. కాగితం చూసి కోప్పడలేదు. కార్డులు, డిస్కులు, కంప్యూటరు, లెన్సు, ఫిల్టరు ఒకదాని కింద ఒకటి తనే రాసింది. మొత్తం బాడీ ధరని దాటిపోయింది. అప్పుడడిగింది.

"ఇవన్నీ పెరిగినాయండీ. మరి మీ రేటెప్పుడు పెంచినారు?"

బావ పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాడు. "మనవోళ్ళు కదే. బావా, మనలో మనకేటి అంటారు. ఏటి అడుగుతాం?"

"డ్రోన్ తెచ్చినప్పుడూ అలాగే అన్నారు. 4కే అని రాయించినప్పుడూ అలాగే అన్నారు. మాఘమాసం పెళ్ళి బాకీ ఇంకా రాలేదు. మొన్న సంతలో ఎదురుపడి, డబ్బు మాట కాదు, ఇంకో పది ఫొటోలు ప్రింటు తీసీమన్నారు."

ఇక్కడ నేను అక్క పక్షం. నా ఎరికలో బావ మార్చనిది ఆ రేటు ఒక్కటే. కెమెరా మార్చాడు, లెన్సు మార్చాడు, జిల్లా కూడా దానంతటదే మారింది. వరస కలిపి సగం తగ్గించుకునే ఊళ్ళో, అందరికీ బావ కావడం కన్నా పెద్ద దాగిన ఖర్చు ఏ కెమెరాకీ లేదు. సెన్సారు ఎంత పెద్దదైనా అందులో పట్టని ఖర్చది.

పైగా ఇదంతా ఎవరికోసం? పది బిట్లలో తీసి, రంగులు దిద్ది, నెల రోజులు కూర్చి 4కేలో ఇస్తే, పెళ్ళివారి పాత టీవీ ఆ పెన్‌డ్రైవ్‌ని చూసి 'ఈ ఫైలు చెల్లదు' అంటుంది. బావ మళ్ళీ కూర్చుని 1080లో, ఎనిమిది బిట్లలో చేసి ఇస్తాడు. దాన్ని వాళ్ళు వాట్సాప్‌లో చుట్టాలకి పంపిస్తారు. అది ఇంకా నలిగి దుబాయ్ చేరుతుంది. అక్కణ్ణుంచి పెళ్ళికూతురి పెదనాన్న ఫోన్ చేసి అడిగేది ఒక్కటే: 'వీడియోలో నేను లేనేటి?'

విశాఖ ప్రయాణం ఆగింది. రద్దు కాలేదు, ఆగింది. బావ పాత కెమెరానే తుడుచుకుని శ్రావణానికి సిద్ధమవుతున్నాడు గానీ మెట్ల మీద టీ చల్లారడం మానలేదు.

మీ ఇంట్లో పెళ్ళి కుదిరి అటువైపు వెళ్తే, దయచేసి 'ఏ కెమెరా బావా?' అని మాత్రం అడక్కండి. అడిగిన సాయంత్రమే బస్సెక్కేస్తాడు. అడగాలనిపిస్తే, మా పెళ్ళి రెండు డిస్కుల్లో దాస్తావా అని అడగండి. బాకీ ఉంటే పెన్‌డ్రైవ్ తీసుకున్న రోజే ఇచ్చేయండి. అక్క చేతికిస్తే ఇంకా మంచిది.