తెల్లది మాత్రం వద్దు

జ్యోతినగర్ అంటే పేరుకు ఎన్టీపీసీ టౌన్‌షిప్పు. గేటు లోపల చెట్లు, క్వార్టర్లు, క్లబ్బులు. గేటు బయట మేము. ఈ బయటివాళ్లలో గోదావరిఖని బొగ్గు బాయిల్లో పనిచేసి, దిగిపోయినాక గ్రాట్యుటీ పైసలతో నాలుగు గదులు వేసుకున్న సింగరేణి వాళ్లు చాలామంది ఉంటారు. మా వెనక గల్లీ సర్దార్ మామ అట్లాంటివాడే. తల్లిదండ్రులు పెట్టిన పేరు పెన్షన్ కాగితాల్లో ఉంటుంది. గల్లీలో మాత్రం చేసిన డ్యూటీయే పేరు.

మైనింగ్ సర్దార్ అంటే తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. బాయిలో పని మొదలు కాకముందే ఆ చోటికి పోయి, కర్రతో పైకప్పును కొట్టి, చెవితో విని, కార్మికులను రానివ్వాలా వద్దా తేల్చేది ఆయనే. కంగుమంటే కప్పు గట్టిది. బొదబొదమంటే లోపల పొర విడింది, ఎప్పుడైనా కూలొచ్చు. మామ ముప్పై ఏళ్లకు పైగా అట్లా విన్నాడు. ఆ అలవాటు దిగిపోయినాక కూడా పోలేదు. పుచ్చకాయ కొన్నా, ఎవరైనా కొత్త ఇల్లు చూపించినా వేలి కణుపుతో ఓసారి తట్టందే వదలడు.

మామ చిన్నబిడ్డకు మంచిర్యాల సంబంధం కుదిరింది. పిలగాడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. వాళ్ల నాయిన ఓవర్‌మెన్‌గా దిగిపోయిన మనిషి. బాయిలో సర్దార్ల పని చూసేది ఓవర్‌మెనే కాబట్టి, ఇద్దరూ ఒకే బాయిలో ఎన్నడూ చేయకపోయినా లెక్క ప్రకారం వియ్యంకుడు ఒక మెట్టు పైన. మగపెండ్లివారు ఎట్లాగూ పైమెట్టే కదా.

1961 నుంచి వరకట్న నిషేధ చట్టం ఉంది. అందుకని మా దిక్కు ఇప్పుడు ఎవరూ కట్నం అనరు, పెట్టుపోతలు అంటారు. లగ్నపత్రిక రాసుకున్న నాడు ఓవర్‌మెన్ సారు చాలా మర్యాదగా అన్నాడు: “కారు కొత్తదే గావాలని మేం పట్టువట్టం బావా. కొత్తలెక్క కనవడితే సాలు. తెల్లది మాత్రం వద్దు. తెల్లబండి అంటే ఎవలన్న కిరాయి బండి అనుకుంటరు.”

మామ కరీంనగర్ పోయి ఒక సెకండ్‌హ్యాండ్ కన్సల్టెన్సీలో బండి చూసి వచ్చాడు. మంచిర్యాల జిల్లా నంబరు, టీఎస్ 19. ఇంజన్ సాఫు, కిలోమీటర్లు తక్కువ. ఆర్సీలో ఓనరు పేరు ఎవరో ఆడామెది. “ఆడోళ్ల బండి, నిమ్మలంగ నడిపిచ్చి ఉంటరు” అని మామ ఆ పేరును రెండోసారి చదవలేదు. ఆర్సీలో రంగు తెలుపే. కానీ బండి నిండా నల్లటి కార్బన్ ఫైబర్ స్టిక్కర్ అతికి ఉంది, గీతలు గీతలుగా, గరుకుగా. అది బానెట్ మీద, టాప్ మీద ఎండకు పగిలి పెచ్చులు లేచింది. పక్కలు మాత్రం బాగానే ఉన్నాయి. ఎక్కడైనా అంతే, నెత్తిన ఎండ పడే భాగాలకు స్టిక్కర్ కంపెనీలు కూడా తక్కువ గ్యారంటీ ఇస్తాయి.

నాది మేడిపల్లి సెంటర్‌లో ఫ్లెక్సీ, రేడియం దుకాణం. 2023 డిసెంబర్‌లో సింగరేణి గుర్తింపు సంఘం ఎన్నికలప్పుడు బ్యానర్లు కొట్టి కొట్టి నా మిషన్ వేడెక్కింది. అందుకని మామ నా దగ్గరికే వచ్చాడు. బండి మొత్తం రంగు స్టిక్కర్ వేయడానికి కరీంనగర్ షాపువాళ్లు చెప్పిన రేటు ఆయనకు మింగుడు పడలేదు.

“రూఫు బోల్టులు కొట్టిచ్చినోన్ని, స్టిక్కర్ అంటియ్యరాదారా నాకు? నీ దుకాణంలున్నదే ఓ రోలు ఇయ్యి.”

“మామా, నా దగ్గరున్నది నంబర్ ప్లేటుకు, బోర్డుకు పనికొస్తది. కారుకు రాదు.”

ఎందుకు రాదో వివరంగానే చెప్పాల్సి వచ్చింది. బోర్డుల మీద వేసే వినైల్‌ను ప్లాస్టిక్ ముద్దను రోలర్ల మధ్య ఒత్తి సాగదీసి చేస్తారు. క్యాలెండర్డ్ అంటారు. ఒత్తిన సంగతి అది మర్చిపోదు. బంపర్ వంపు మీద వేడిచేసి సాగదీస్తే ఆ రోజుకు కూర్చుంటుంది, నాలుగు ఎండలు తగిలాక మళ్లీ ముడుచుకుని అంచుల దగ్గర తెల్లగా బయటపడుతుంది. కాస్ట్ వినైల్ వేరు. ద్రవాన్ని పలుచగా పరిచి కాలుస్తారు కాబట్టి దానికి వెనక్కి ముడుచుకోవాలన్న బలవంతం ఉండదు. మందం 50 మైక్రాన్ల దగ్గర, పైపొరతో కలిపినా వందకు లోపే. వెనక జిగురులో సన్నటి కాలువలుంటాయి, గాలి వాటిగుండా పోతుంది, బుడగలు తక్కువ. వెడల్పు ఐదడుగులు, చిన్న బండికైనా పదిహేను మీటర్ల దాకా కావాలి. ఖరీదు కూడా అట్లనే ఉంటుంది.

“అసలు గీ స్టిక్కర్ తెలివి ఎవనిదిరా?”

జర్మనీ టాక్సీల సంగతి చెప్పాను. అప్పట్లో అక్కడ టాక్సీ అంటే లేత దంతం రంగే ఉండాలని నియమం. ఆ రంగు బండిని తర్వాత ఎవరూ కొనేవాళ్లు కాదు. అందుకని 1990లలో పెయింటు బదులు ఫిల్మ్ వేయడం మొదలుపెట్టారు. టాక్సీగా తిరిగినన్నాళ్లు తిప్పి, అమ్మేనాడు పీకి పారేస్తే లోపలి రంగు కొత్తగా ఉంటుంది.

మామ నవ్వాడు. “అంటే అమ్ముకునేటోని తెలివన్నట్టు.”

రంగు దగ్గర వారం గడిచింది. మా దుకాణం పిలగాడు మ్యాట్ బ్లాక్ అన్నాడు. “ఉద్యోగం చేసినన్నేండ్లు నల్లగనే ఇంటికొచ్చిన. ఇగ సాలు” అన్నాడు మామ. మిలిటరీ పచ్చ బాగుంటుందని మామ కొడుకు అంటే నేనే ఆపాను. 1989 కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం ఆలివ్ గ్రీన్ సైన్యం బండ్లకే, మనం వేస్తే కేసు. ఏ రంగు వేసినా ఆర్టీఏ ఆఫీసులో చెప్పి ఆర్సీలో మార్పించుకోవాలని కూడా చెప్పాను. మామ తల ఊపాడు. “గా పని అల్లునిది” అన్నాడు.

చివరికి మామ తన పద్ధతిలో పరీక్ష పెట్టాడు. నా దగ్గరి శాంపిల్ ముక్కలన్నీ మేడ పిట్టగోడ మీద వరసగా అతికించి వదిలేశాడు. మాకు వేసవి అంటే రెండు. ఒకటి 45 దాటే ఎండ. రెండోది కుందనపల్లి బూడిద చెరువు మీదుగా వచ్చే గాలి. 2,600 మెగావాట్ల పాత ప్లాంటు, దాని పక్కన 2023లో మొదలైన 1,600 మెగావాట్ల కొత్తది, ఇవన్నీ తినేది బొగ్గు. మన బొగ్గులో మూడోవంతు బూడిదే. అది సన్నటి గాజు పొడి లాంటిది, పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. మామ రోజూ పొద్దున మేడెక్కి ముక్కలు చూసేవాడు. మ్యాట్ ముక్కల మీద బూడిద పట్టుకుని కూర్చుంటోంది. మెరుపు ముక్కల మీద చెంబుడు నీళ్లు పోస్తే జారిపోతోంది.

“మెరుపుదే. నీలం. ఖాయం చెయ్యి.”

రోలు ఆర్డరు పెట్టే ముందు పాతది పీకుదామన్నాను. లోపల ఏముందో చూసుకోకుండా పైన ఖరీదైనది వేయకూడదు. నాలుగింటికే లేచేవాళ్లం, ఎండెక్కితే రేకు మరీ కాలి జిగురు ముద్దయి రేకుకే ఉండిపోతుంది. మామ షెడ్డు చుట్టూ తడి గోనెసంచులు కట్టి, నేల మీద నీళ్లు చల్లి, దుమ్ము లేవకుండా చేశాడు. ఆ పనిలో ఆయనకు నేను చెప్పేది ఏమీ లేదు. హీట్ గన్‌తో వెచ్చచేస్తూ, స్టిక్కర్‌ను రేకుకు దగ్గరగా మడిచి మెల్లగా లాగాలి. పాతది చవకరకం, పీలికలు పీలికలుగా ఊడింది, జిగురంతా అక్కడే ఉండిపోయింది. స్పిరిట్ పెట్టి రుద్దీ రుద్దీ భుజాలు పోయాయి.

ఎడమవైపు వెనక డోరు దగ్గరికొచ్చాం. స్టిక్కర్ లాగాను. స్టిక్కర్ వెంట పెయింటు వచ్చింది. పెయింటు వెంట అరచేతి మందాన లప్పం ఊడి నేల మీద పడింది.

కంపెనీ పెయింటు అట్లా రాదు. షెడ్డులో వేసిన పెయింటే స్టిక్కర్‌తో పాటు లేస్తుంది. డోరు నుంచి వెనక మడ్‌గార్డు దాకా ఎప్పుడో ఏ బూడిద టిప్పరో, బొగ్గు లారీయో గుద్దింది. రేకును లాగి సరిచేసే ఓపిక లేక లప్పం నింపి, పైన తెల్లరంగు కొట్టి, దాని మీద గరుకు గీతల స్టిక్కర్ వేశారు. ఎగుడుదిగుళ్లు ఆ గీతల్లో కలిసిపోయాయి.

మామ ఏమీ అనలేదు. వంగి, వేలి కణుపుతో ముందు డోరు మీద తట్టాడు. కంగుమంది. వెనక డోరు మీద తట్టాడు. బొదబొదమంది. ఇంకొంచెం వెనక్కి, ఇంకొంచెం కిందికి, లప్పం ఎంతవరకు ఉందో చెవితోనే గీత గీసినట్టు తేల్చేశాడు.

“బాయిల గిట్ల మోగితే ఏం చేసేటోళ్లు మామా?”

“రాలగొట్టేటోళ్లం. లేకుంటే ఎవ్వన్నీ రానియ్యకపోదుం.”

“మరి ఇప్పుడు?”

“పత్రికలు పంచుడు అయిపోయింది రా.”

కన్సల్టెన్సీకి ఫోన్ చేస్తే, చూసుకునే కదా కొన్నారు అన్నారు. మామ ఆ రోజంతా మంచం మీద కూర్చుని బండి వైపు చూశాడు. సాయంత్రం లేచి వచ్చి అడిగిన మొదటి ప్రశ్న ఇది: “నీలం మెరుపుది ఏస్తే కనవడ్తదా?”

కనబడుతుంది. అక్కడే ఉంది చిక్కంతా. స్టిక్కర్ ఎంత మంచిదైతే అంత పలుచన, ఎంత పలుచనైతే కింద ఉన్నది అంత చెప్పేస్తుంది. మెరుపుదైతే మరీ, ట్యూబులైటు నీడ డోరు మీద పడితే పాములా వంకర్లు పోతుంది. మ్యాట్ మీద వెలుగు చెదిరిపోతుంది, వంకర దొరకదు.

“అయితే మ్యాటే. బూడిద రంగుదే వెయ్యి.”

“బూడిద పట్టుకుంటదన్నవు గద మామా?”

“రోజు తుడుసుకుంటరు, వాళ్ల తిప్పలు.” కొంచెం ఆగి, ఊడిన లప్పం ముక్కను చేతిలో తిప్పుతూ అన్నాడు: “ముందటోడు సుత నాలెక్కనే. ఒకటే, వాడు నాకన్న ముందు పుట్టిండు.”

తర్వాతి పని గురించి ఎక్కువ చెప్పను. లప్పం మళ్లీ పెట్టాం, రెగ్‌మాల్ పట్టాం, ప్రైమర్, పెయింటు. పచ్చి పెయింటు మీద అతికితే లోపలి ఆవిరి బుడగలు లేపుతుందని చాలా రోజులు ఆరనిచ్చాం. డోరు పిడులు, వెనక లైట్లు విప్పి అంచులు లోపలికి మడిచాం. మామ చేయి చూస్తే నాకే ఆశ్చర్యమేసింది. ఎక్కడా తొందర లేదు. వెనక డోరు మూల, మడ్‌గార్డు వంపు కలిసే చోట, నేనైతే రెండు ముక్కలు వేసేవాణ్ని. ఆయన ఒకే ముక్కను వెచ్చచేసి, చల్లార్చి, మళ్లీ వెచ్చచేసి, ఒక్క ముడత లేకుండా కూర్చోబెట్టాడు. బిడ్డ కాళ్లకు పసుపు రాసినా అంత నెమ్మదిగా రాసి ఉండడు.

పెండ్లి రాత్రి. బరాత్‌కు కారు సిద్ధంగా ఉంది, ముందూ వెనకా బంతిపూల దండలు. చూసినవాళ్లంతా షోరూం బండి అనుకున్నారు. పిలగాడు ఫోటోలు దిగాడు. పిలగాని మేనత్త మంచిర్యాల బస్సు దిగి వచ్చి, కారు దగ్గర ఆగి, “గిదేందిరా గిది…” అనబోయి, తమ్ముని మొహం చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ తమ్ముడు ఓవర్‌మెన్ సారు. నిమ్మళంగా కారు చుట్టూ తిరిగాడు. ముందు నంబర్ ప్లేటు మీద వేలాడుతున్న దండను ఒక వేలితో పక్కకు జరిపి చూసి, మళ్లీ సర్దాడు. కుడివైపు ఒక్క చూపు కూడా చూడలేదు. తిన్నగా ఎడమ పక్కకు వచ్చి, వెనక డోరు దగ్గర వంగాడు. వేలి కణుపుతో తట్టాడు. ఒక్కసారే, సరిగ్గా అక్కడే. తలను కొంచెం పక్కకు వంచి విన్నాడు.

బొదబొదమంది. బ్యాండు వాయిస్తున్నా మాకిద్దరికీ వినబడింది. మామ చేయి నా భుజం మీద బిగుసుకుంది.

ఓవర్‌మెన్ సారు లేచి, రుమాలుతో వేలు తుడుచుకుని, మామ దగ్గరికి వచ్చి ఆలింగనం చేసుకున్నాడు. చెవి దగ్గర నోరు పెట్టి అన్నాడు:

“స్టిక్కర్ మంచిగ గూసున్నది బావా. నేనేసిన్నాడు గీ మూల గింత సాఫుగ రాలె.”