ఎకో మేస్త్రి

విశాఖపట్నంలో షిప్‌యార్డుకూ రిఫైనరీకీ చేరువలోని మల్కాపురంలో, వినాయక చవితి పందిరి పక్కన సౌండ్ మిక్సరు ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునే ఎకో మేస్త్రికి, మనిషి గొంతు దేవుడిచ్చినది ఇచ్చినట్టుగా వినిపించడం పెద్ద లోపంగా తోస్తుంది. ఆ లోపాన్ని దిద్దడానికి అతడు వాడే సాధనం రివర్బ్. ధ్వని గోడలకూ కప్పుకూ తగిలి, వేలకొద్దీ ప్రతిఫలనాలుగా ఒకదానిలో ఒకటి కలిసిపోయి, అసలు శబ్దం ఆగాక కూడా కాసేపు నిలిచి ఉండటాన్నే పాఠ్యపుస్తకాలు ప్రతినాదం అంటాయి. అది 60 డెసిబెల్స్ మేర తగ్గడానికి పట్టే వ్యవధి ప్రతినాద కాలం. 19వ శతాబ్దం చివర హార్వర్డులో వాలెస్ సబైన్ ఒక ఉపన్యాస మందిరంలో మాటలు అర్థమయ్యేలా చేయడానికి ఈ శాస్త్రాన్ని నిర్మించగా, మేస్త్రి అదే శాస్త్రాన్ని మాటలు అర్థం కాకుండా చేయడానికి వినియోగిస్తున్నాడు.

1957లో జర్మనీకి చెందిన ఈఎంటీ సంస్థ, పలుచని ఉక్కు రేకును చట్రంలో వేలాడదీసి కంపింపజేస్తూ స్టూడియోలకు రివర్బ్ సమకూర్చిందంటే ఉక్కు నగరవాసిగా మేస్త్రి ఉబ్బిపోవచ్చు గాని, విశాఖ ఉక్కు కర్మాగారం కడ్డీలకూ దూలాలకూ పేరుపడ్డదే తప్ప రేకులకు కాదు. అయినా అతడికి నష్టమేమీ లేదు. ఆ రేకు పనిని ఇప్పుడు మిక్సరులోని చిప్పు చేసిపెడుతోంది.

పాట మిక్సింగు తెలిసినవారు, మాటకూ రివర్బ్‌కూ మధ్య ప్రీ-డిలే అనే ఇరవై ముప్ఫై మిల్లీసెకన్ల ఎడం ఉంచి హల్లులను కాపాడతారు, రివర్బ్‌లోకి వెళ్ళే ధ్వనిలో మంద్రస్థాయిని కోసి రొద తగ్గిస్తారు, చివరికి తీసేస్తే తప్ప ఉన్నట్టు తెలియనంత మోతాదులో కలుపుతారు. మేస్త్రి దృష్టిలో, వినపడని రివర్బ్‌కు అద్దె పుచ్చుకోవడం శుద్ధ మోసం.

“ఎకో కాస్త తగ్గించు నాయనా, నా మంత్రం నాకే తెలియడం లేదు” అని పంతులుగారు బతిమాలితే, “తగ్గిస్తే గుడిలో ఉన్నట్టుండదండీ పంతులుగారూ” అంటూ అతడు నాబ్‌ను మరో గీత పైకి తిప్పుతాడు. ప్రతినాదానికి భిన్నంగా, మాట విడిగా మళ్ళీ వినిపించే ప్రతిధ్వనిని కూడా జోడించిన రాత్రి, ఎర్రచొక్కా బాబు తప్పిపోయాడని ప్రకటిస్తే, ముగ్గురు పిల్లలు తప్పిపోయారని వీధి వీధంతా కంగారుపడుతుంది.

అతడి పక్షాన కొంత న్యాయం లేకపోలేదు: ఆరుబయట గోడలుండవు గనుక గొంతు పొడిగానే వినిపిస్తుంది. అయితే ఇరుకు సందులో ఎదురెదురు డాబాలు ఆ గోడల పని పైసా తీసుకోకుండా ముందే చేసిపెడుతున్నాయి. శ్రుతి తప్పే గాయకులు మాత్రం అతడిని ఎన్నటికీ వదులుకోరు. తప్పిన స్వరమేదో తేలేలోగా తరువాతి స్వరం దానిమీద వచ్చి పడుతుంది.

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతంలో పగటికి 55 డెసిబెల్స్ హద్దు పెట్టి, రాత్రి పదికి మైకులు కట్టేయమన్నాయే గాని, రివర్బ్‌కు ఏ హద్దూ పెట్టలేదు. కాబట్టి పంతులుగారు మంత్రం చదువుతున్నంతసేపూ ఆ నాబ్ సున్నా దగ్గరే ఉండాలని, పందిరి కమిటీవారు అడ్వాన్సు చేతిలో పెట్టకముందే మాట తీసుకోవాలి.