బీటిపై వృక్షయజ్ఞము

మన దేశమున భూమికి పట్టగల దుర్దశలలో కెల్ల గొప్పది ఖాళీగా కనబడుట. అనంతపురము ఎఱ్ఱనేలలలో, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానను నమ్ముకొని తరతరములు వేరుసెనగ విత్తి, వరుస కరవులకు అప్పులపాలై, తుదకు బెంగుళూరు బస్సెక్కిన రైతు వదలిపోయిన చేను, నాలుగు వానకాలములు గడచునప్పటికి పాలకులకు నిరుపయోగ భూమిగా సాక్షాత్కరించును. అంతట జులై మాసమున, 1950లో నాటి కేంద్ర వ్యవసాయమంత్రి మున్షీగారు ఆరంభించిన వనమహోత్సవపు పుణ్యకాలమున, ఒక షామియానా, ఒక జేసీబీ, లారీడు మొక్కలు అచటికి వేంచేయును.

ఆ నాలుగు వానకాలములును ఆ చేను ఊరక కూర్చుండలేదు. పల్లేరు, ఉత్తరేణి, వెంపలి మొదలగు, రైతు కలుపని తిట్టి పెఱికిన జాతులే ముందుగా తిరిగి వచ్చి మట్టిని గాలికి పోకుండ పట్టినవి. వెంపలి వేళ్ళ బుడిపెలు నేలకు నత్రజనిని కూర్చినవి. పిదప ఏడాదిలో పుట్టి ఏడాదిలో ఎండు సన్నగడ్డులు పఱచుకొన్నవి. వాని చాటున, ఎవరును నీరు పోయకయే, కుదుళ్ళు కట్టి ఏండ్లకొలది బ్రదుకు చీపురుగడ్డియు బోదయు మెల్లగా అడుగు పెట్టుచున్నవి. ఈ గడ్డుల సంపద పైకన్న క్రిందనే హెచ్చు. మంట వచ్చినను మంద మేసినను చావని వేళ్ళు కర్బనమును మట్టిలోనే దాచును. కాని పాపము, వేళ్ళకు ఫోటో తీయుట కష్టము. మంత్రిగారి చేతిలోని మొక్కకు సులభము.

నిరుపయోగమను తీర్పునకు ఆధారము లేదని ఎవరనగలరు? 1985లో బంజరుల అభివృద్ధికి జాతీయ మండలి వెలసినది. 2000లో హైదరాబాదునందలి దూరసంవేదన సంస్థవారి తోడ్పాటుతో దేశపు బంజరుల పటసంపుటము వెలువడినది. అందు పొదలున్న నేలయు, పొదలు లేని నేలయు, క్షీణించిన మేతబీళ్ళును ఒకే పంక్తిని కూర్చుండినవి. పొదయున్నను బంజరే, లేకున్నను బంజరే! అద్వైతమును ఇంత సులభముగా బోధించినవారు లేరు. అంతరిక్షమునుండి చూచు కంటికి గడ్డియే ఆననప్పుడు, దానిని మేయు గొఱ్ఱెయు, గొఱ్ఱెను తోలు కురుబయు ఆనకపోవుట వింత కాదు.

“గడ్డియే కదా, త్రవ్వినను మరల మొలవదా?” అని వాదించు పండితులు కొందఱు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున సీడర్ క్రీక్ అనుచోట, వదలిన చేలను శాస్త్రజ్ఞులు దశాబ్దములు కనిపెట్టి చూచి, నాగలి విడిచి 91 ఏండ్లైన నేలయందు సైతము, ఎన్నడును దున్నని బయలుతో పోల్చినచో మొక్కజాతుల వైవిధ్యము ముప్పాతికయు, పచ్చిక దిగుబడి సగమును మాత్రమే తిరిగి వచ్చినవని తేల్చిరి. అది చలిదేశపు బయలు. మన యెఱ్ఱనేల లెక్క వేఱు కావచ్చును. అయినను, ఇంత మెల్లగా నడచు పనిని నడుమ గుంటలు తీసి భంగపఱచుట, పై తరగతికి వచ్చిన బాలుని ఏటేట తెచ్చి ఓనమాలలో కూర్చుండబెట్టుట వంటిది.

కర్ణాటకమున రాణెబెన్నూరు కృష్ణజింకల అభయారణ్యమున పచ్చికబయళ్ళపై జామాయిల్ నాటిరి; బయలునే నమ్ముకొన్న బట్టమేక పక్షి అచట మాయమైనది. మన రోళ్ళపాడున ఆ పక్షికొఱకే 1988లో అభయారణ్యము వెలసెను గాని, చుట్టునున్న మెట్టబీళ్ళు కాలువనీటికి పంటపొలములైన కొలది అచటను ఆ పక్షి దాదాపు కనుమరుగైనది. నేలపై గ్రుడ్డు పెట్టి, నలువైపుల చూపు సాగినగాని నిలువని పక్షికి చెట్టు వరము కాదు, గ్రద్దకు వేదిక. మనవారి మతమున మాత్రము చెట్టు లేనిది ప్రకృతియే కాదు; ఆ లెక్కన కృష్ణజింకయు కట్టుకథయే.

ఇక నాటిన మొక్కల లెక్కయే లెక్క. మరుసటి వేసవికి మిగిలినవెన్ని యని అడుగుట అమంగళము. మొక్క చచ్చిన గుంటలో సర్కారుతుమ్మ దిగును. అదియును పచ్చగానే యుండును గనుక నివేదికకు లోటు రాదు. మొక్కలకు రక్షణయని మందలను తఱిమిన ఆ దొరలే వినాయకచవితినాడు గరికకై బజారున బేరమాడుదురు.

అయ్యా, అడవి నఱికినచోట చెట్లు నాటుడు, ఎవరును వలదనరు. బీటిపై గుంట తీయుటకు ముందు ఆ యూరి గొఱ్ఱెలకాపరిని పిలిచి, అచట ఏ గడ్డి ఎన్నేండ్లుగా మొలచుచున్నదో అడుగుడు. కుదురుగడ్డి కనబడినచో జేసీబీని వెనుకకు త్రిప్పి, సర్కారుతుమ్మను మొలకలోనే పెఱికించి, మందలను మితముగా తిరుగనిచ్చి, నేల జోలి మానుడు. శాఖకు ఖర్చు కూడ తక్కువ.